పిల్లల మరుగుదొడ్లో రేకు గోడ

రిటైరైనవాడి దగ్గరకు వచ్చే కుర్ర ఇంజనీర్లు ఎక్కువగా వంతెనల గురించి అడుగుతారు. వరదలు, కొట్టుకుపోయిన కట్టలు, తెల్లారేలోగా మళ్లీ నిలబెట్టిన లైన్లు, ఇలాంటివి వినాలని వాళ్లకు ఉంటుంది. నా దగ్గర అవేమీ లేవు. నేను రైల్వేలో వర్క్స్ మనిషిని. క్వార్టర్ల కప్పులు కారకుండా చూడటం, ప్లాట్‌ఫారం మీద ఊడిన పలకలు అతికించడం, డ్రైవర్లు పడుకునే రన్నింగ్ రూముల్లో కుళాయిలు బిగించడం, మురుగు కాలవలు పారించడం, బిలాస్‌పూర్‌లో నా సర్వీసు చాలామటుకు వీటితోనే గడిచింది. మధ్యలో ఇన్‌స్పెక్టర్ ఆఫ్ వర్క్స్ అన్న ఉద్యోగం పేరు మారింది. కాలనీ ఆడవాళ్లకు మాత్రం చివరిదాకా పాత పేరుతో ఐఓడబ్ల్యూ సాబ్‌నే. అంటే, కప్పు కారినప్పుడు తిట్టుకోవడానికి ప్రభుత్వం ఏర్పాటు చేసిన మనిషిని.

మరిచిపోలేని పని ఏదని అడిగితే, నా నడుం ఎత్తు కూడా లేని ఒక అడ్డుగోడ గురించి చెబుతాను. వేళాకోళం అనుకుంటారు. ఆ గోడ నేను రెండుసార్లు కట్టించాను. మొదటిసారి కట్టించినప్పుడు అందరూ మెచ్చుకున్నారు. ఆ మెచ్చుకున్న గోడ వల్లే ఒక చిన్నపిల్ల ఆసుపత్రిలో పడుకుంది. మీరు కూడా రేపోమాపో ఇలాంటి చిన్న పనులే చేస్తారు కాబట్టి, అది ఎలా జరిగిందో ఉన్నదున్నట్టు రాస్తున్నాను.

కాలనీ చివర, లాల్‌ఖదాన్ వైపు పోయే లైన్ల పక్కన, చిన్నపిల్లల బడి ఒకటి ఉండేది. ఒకప్పుడు గోదాముగా వాడిన పొడుగాటి పెంకుటిల్లు. నర్సరీ నుంచి ఒకటో తరగతి దాకా అందులోనే. డ్రైవర్ల పిల్లలు, గార్డుల పిల్లలు, షెడ్డు ఖలాసీల పిల్లలు. మా తాతల కాలంలో శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి వచ్చి ఇక్కడే ఉండిపోయిన కుటుంబాల వాళ్లూ, ఛత్తీస్‌గఢీ వాళ్లూ, ఒడియా, బెంగాలీ వాళ్లూ, అందరి పిల్లలూ అక్కడ చేరి హిందీలో దెబ్బలాడుకునేవారు.

బడి వెనకాల మరుగుదొడ్ల గది. గోడ వెంట వరసగా చిన్న సీట్లు, మధ్యలో ఏ అడ్డూ లేదు. నాలుగేళ్ల వాళ్లకు అదేం ఇబ్బంది కాదు. పక్కపక్కన కూర్చుని కబుర్లు చెప్పుకునేవారు, ఒకరి మగ్గులో నీళ్లు ఒకరు పారబోసుకునేవారు. ఆరేళ్లు వచ్చిన ఆడపిల్లలు మాత్రం సిగ్గుపడటం మొదలుపెట్టారు. లోపలికి వెళ్లలేక, ఇంటర్వెల్‌లో రోడ్డు దాటి ఇళ్లకు పరిగెత్తేవారు. ఆ రోడ్డు మీద సీపత్ కరెంటు ప్లాంటుకు పోయే లారీలు ఆగకుండా తిరుగుతాయి. హెడ్ టీచర్ రాయ్‌పూర్ వైపు ఆమె, నెమ్మదైన మనిషి. మా ఆఫీసుకు వచ్చి, పెద్దదేమీ వద్దు, పిల్లకూ పిల్లకూ మధ్య ఒక అడ్డు, ముందు ఒక చిన్న తలుపు పెడితే చాలు, వాళ్లు రోడ్డు మీదికి పోకుండా ఉంటారు అంది.

ఆ రోజు నేను నిజంగానే ఉత్సాహపడ్డాను. పెద్ద పనుల్లో నా మాటకు చోటుండేది కాదు. డ్రాయింగు పైనుంచి వచ్చేది, కట్టించడమే నా వంతు. ఇది మాత్రం ఏ డ్రాయింగూ లేని పని. ఏ సామానుతో కట్టాలన్నది నేనే తేల్చుకోవచ్చు.

మా సెక్షన్లో జూనియర్ ఇంజనీరు వరంగల్ వైపు అబ్బాయి. కొత్తగా వచ్చాడు, మర్యాదస్తుడు, కానీ అనాల్సింది అనేవాడు. కాంట్రాక్టరు మాత్రం స్థానికుడు, ఇక్కడి కోటా దగ్గర పల్లె వాడు, పాతకాపు. ముగ్గురం ఆ గదిలో నిలబడి చాలాసేపు మాట్లాడుకున్నాం.

కాంట్రాక్టరు ఇటుక గోడ కట్టి టైల్సు వేద్దామన్నాడు. గది సన్నది, ప్రతి ఇటుక గోడా పిల్ల కూర్చునే చోటును తినేస్తుంది, పైగా పునాది తవ్వితే బడి నడవదు. వద్దన్నాను. ప్లైవుడ్డు తడికి ఉబ్బిపోతుంది. ప్లాస్టిక్ పలకల్ని ఆ వయసు పిల్లలు నెలలోపు విరిచి ఆడుకుంటారు. మా జూనియర్ ఫోన్లో ఏదో కొత్తరకం గట్టి బోర్డు చూపించాడు. విమానాశ్రయాల్లో వాడతారట.

"మంచిగుంటది సార్, నీళ్లకు ఏం కాదు, కడిగితే చాలు," అన్నాడు.

"విమానాలెక్కే పిల్లలు కాదయ్యా ఇక్కడున్నది," అన్నాను. కాంట్రాక్టరు నవ్వాడు. అతను నవ్వాడని నాకు ఇంకాస్త ఊపొచ్చింది.

నా మనసులో అప్పటికే ఉక్కురేకు ఉంది. మా రైల్వే వర్క్స్ వాళ్లకు ఒక జబ్బు. ఒకచోట విప్పిన సామాను ఇంకోచోట పనికొస్తే పండగ చేసుకుంటాం. పాత పట్టాలు కంచె స్తంభాలవుతాయి, స్లీపర్లు బెంచీలవుతాయి. పనికిరాని రైలు పెట్టెల నుంచి విప్పిన సాదా రేకులు డిపోలో ఒక మూల చక్కగా పేర్చి ఉన్నాయని నాకు తెలుసు. సన్నగా ఉంటాయి, చోటు తినవు. యాంగిల్ ఫ్రేముకు బిగించి నేలలో దింపేస్తే ఒక్క సెలవు దినంలో పని అయిపోతుంది. తడి తగిలినా మంచి రంగు వేస్తే ఏళ్ల తరబడి ఉంటాయి.

అజాగ్రత్తగా చేశానని మీరనుకోకూడదు. జాగ్రత్తగానే చేశాను, అందుకే ఇప్పటికీ బాధ. రేకు అంచులు చేతులు కోయకుండా రబ్బరు బీడింగు వేయించాను. పిల్లల కాళ్లకు తగలకుండా స్క్రూల తలలు లోపలికి దింపించాను. కింద తుడవడానికి జానెడు ఖాళీ వదిలించాను. పైనుంచి చూస్తే టీచరుకు కనపడేలా, పక్క పిల్లకు కనపడకుండా, ఎత్తు కొలిచి కోయించాను. లేత పసుపు రంగు వేయించాను. చూపుకూ చేతికీ సంబంధించిందేదీ వదల్లేదు.

పని ముగిశాక హెడ్ టీచరును తీసుకెళ్లి చూపిస్తున్నాను. బీడింగు గురించి చెబుతుండగా లైను మీద బండి వచ్చింది. మాట ఆపాను. మా లైన్ల పక్క ఇళ్లలో ఇదొక అలవాటు. బండి వస్తే మాట ఆపుతాం, వెళ్లాక ఆపిన చోటి నుంచే అందుకుంటాం. ఎవరూ నేర్పరు. బయటి ఊళ్ల నుంచి వచ్చిన కోడళ్లు మొదట్లో నవ్వుతారు, కొన్నాళ్లకు వాళ్లూ ఆపుతారు. చిత్రం ఏమిటంటే, మాట ఆపుతాం గానీ ఆ బండిని వినం. నేను పుట్టింది లైను పక్క క్వార్టర్లో. నిద్రపోయింది, చదువుకున్నది, పెళ్లి చేసుకున్నది అన్నీ ఆ చప్పుడులోనే. బొగ్గు బండి పూర్తిగా దాటింది. నేను బీడింగు గురించి మిగతాది చెప్పి ముగించాను. నేను చెయ్యి ఆనించి నిలబడ్డ ఆ రేకు అప్పుడు ఏం చేసిందో నేను గమనించనే లేదు.

వారం తిరక్కముందే హెడ్ టీచర్ ఫోన్ చేసింది. పిల్లలు లోపలికి వెళ్లడం లేదంది. కొత్త కదండీ, అలవాటు పడతారు అన్నాను. రేకు అరుస్తుందంటున్నారు అంది. తలుపు కీలు అనుకుని ఒక మనిషిని నూనె సీసాతో పంపించాను. అతను వచ్చి కీళ్లన్నీ బాగున్నాయి సాబ్ అన్నాడు. నా లెక్కలో ఆ ఫిర్యాదు తీరిపోయింది. ఆమె మళ్లీ ఫోన్ చేసింది. ఈసారి కొంచెం విసుక్కున్నాను. అడ్డు కావాలన్నది మీరే, పెట్టాం, ఇక వాడించడం మీ పని అన్నాను. ఆమె "జీ" అని ఫోన్ పెట్టేసింది. నెమ్మదైన మనుషులతో ఇదొక ఇబ్బంది. మనం గెలిచామనుకుంటాం.

ఈలోగా మా పెద్ద ఆఫీసరు అటుగా వెళ్తూ ఆ గది చూశాడు. ఆయనకు బాగా నచ్చింది. విప్పిన సామానుతో కట్టారా అని నా భుజం తట్టాడు. మిగతా బళ్లలోనూ ఇదే పెట్టిద్దాం, వచ్చే వారం ఇంకో అధికారిని తీసుకొస్తాను, చూపిద్దురుగాని అన్నాడు. ఆ తట్టిన భుజంతోనే నేను ఇంటికి వెళ్లాను. భోజనాల దగ్గర రెండుసార్లు చెప్పాను. రెండోసారి మా ఆవిడ పప్పు వడ్డిస్తూ, "ఇందాకా చెప్పారు," అంది.

అప్పుడు వచ్చింది ఒకామె. మధ్యాహ్నం, ఆఫీసులో ఫ్యాను కింద కూర్చుని ఉన్నాను. మా వైపు మనిషేనని మాట వినగానే తెలిసింది. గూడ్సు డ్రైవరు భార్య. కూతురు ఆ బడిలో ఒకటో తరగతి. కూర్చోమన్నా కూర్చోలేదు.

పాప బడికి వెళ్లే ముందు నీళ్లు ముట్టడం లేదని, బడిలోనూ తాగడం లేదని, సీసా ఎలా పంపిస్తే అలాగే నిండుగా తిరిగి వస్తోందని చెప్పింది. ఎందుకంటే తాగితే ఆ గదిలోకి వెళ్లాలి.

"గోడ గుర్రుమంటాదంట బాబూ. బండొస్తే లోపలున్నోళ్లని పట్టుకుంటాదంట."

నవ్వాను. నిజం చెప్పాలంటే గట్టిగానే నవ్వాను. పిల్లలు కథలు అల్లుతారమ్మా అన్నాను.

"నవ్వితే నవ్వండి. పొద్దుటేల్నించీ బిగపట్టుకుని, ఇంటికొచ్చి దొడ్లోకి పరిగెడతాది. మంటా మంటా అని ఏడుస్తాది. నిన్నట్నించి ఒళ్లు ఎచ్చగుంది. మాకు గోడొద్దు, ఏటొద్దు. ముందరిలాగ వొగ్గేయండి బాబూ."

వచ్చే వారం ఇన్‌స్పెక్షన్ ఉందని, పెద్దవాళ్లు ఆ గది చూడటానికే వస్తున్నారని, అది కాగానే ఏదో ఒకటి చేస్తానని చెప్పాను. చాలా మర్యాదగా చెప్పాను. ఇన్నేళ్లలో నేర్చుకున్న మర్యాద అంతా అందులో వాడాను.

ఆమె నావైపు చూసింది. "అంతవరకు పిల్ల బిగపట్టుకోవాలేటి?"

నేను బల్ల మీద కాగితాలు సర్దాను. ఆమె వెళ్లిపోయింది. పక్క బల్ల దగ్గర మా జూనియర్ తల వంచుకుని ఏదో రాస్తున్నాడు.

ఇక్కడ ఆగి ఒక మాట చెప్పాలి. రేకు ఎంచుకోవడం పొరపాటు. పొరపాట్లు అందరూ చేస్తారు, మీరూ చేస్తారు. ఆ తల్లికి ఇన్‌స్పెక్షన్ కానివ్వండి అనడం మాత్రం పొరపాటు కాదు. జ్వరం వచ్చిన పిల్ల ఒకవైపు, నన్ను మెచ్చుకోబోతున్న ఇద్దరు ఆఫీసర్లు ఒకవైపు, రెండూ నాకు తెలుసు. తెలిసే అన్నాను.

ఆ పిల్లను ఆసుపత్రిలో చేర్చిన సంగతి మా ఆవిడ చెబితే తెలిసింది. బజారులో ఎవరో అన్నారట. మూత్రంలో చీము పట్టింది, చలి జ్వరం, సెలైన్ ఎక్కిస్తున్నారు. కూరలు సంచీలోంచి తీస్తూ, "మీ బడి పిల్లేనట గదా?" అంది. మీ బడి అంది. అప్పటిదాకా వారం రోజులుగా ఆ మాట అనిపించుకోవాలనే తిరిగాను.

ఆసుపత్రికి వెళ్లే ధైర్యం రాలేదు. మర్నాడు పొద్దున్నే బడికి వెళ్లాను. హెడ్ టీచర్‌కు, నేను లోపల కూర్చుంటాను, కాసేపు ఎవరినీ పంపవద్దు అని చెప్పాను. ఆమె వరండాలో నిలబడి, నాకు వీపు తిప్పి, గోడ మీద పిల్లలు రంగులు వేసిన ఏనుగులను శ్రద్ధగా చూడటం మొదలుపెట్టింది.

ఆ సీట్లు ఆరేళ్ల వాళ్ల కోసం. యాభై ఏళ్లు దాటిన ఒంటితో వాటి మీద కూర్చుంటే మోకాళ్లు చెవుల దగ్గరికి వస్తాయి. తలుపు వేసుకున్నాను. నేను కోయించిన రేకులు అటూ ఇటూ, ముందు తలుపు. ఎదురుగా లేత పసుపు తప్ప ఏమీ కనపడదు. కూర్చుని చూస్తే ఆ రంగు కూడా అంత బాగాలేదు. ముందు వెళ్లిన ప్రయాణికుల బండి చిన్నది, రేకు కొంచెం వణికి ఊరుకుంది. ఇంతేనా అనుకున్నాను. ఇంకాసేపు కూర్చుందాం అనుకోవడం ఒక్కటే ఆ నెలలో నేను చేసిన మంచి పని.

బొగ్గు బండి వచ్చింది. నిండుగా ఉన్నది. ముందు నేల, తర్వాత ఫ్రేము, తర్వాత రేకు. మొదట సన్నగా ఒక జుమ్మన్న శబ్దం మొదలై, పెట్టె తర్వాత పెట్టె దాటుతుంటే లావెక్కుతూ పోయింది. పెద్ద జంతువు గొంతులో గుర్రుమంటున్నట్టు. రెండువైపులా ఒకేసారి కాదు. ఎడమవైపుది ముందు అందుకుంటే కుడివైపుది జవాబు ఇచ్చింది. కుళాయి మీద మగ్గు గడగడలాడింది. సీటు గుండా, వెన్ను గుండా, పళ్లలోకి ఎక్కింది. తలుపు తెరుచుకుని బయటికి వచ్చేద్దామని నాకు నిజంగా అనిపించింది. నేను పుట్టినప్పటి నుంచి మా ఇంటి పక్కన పోతున్న బండే అది. మొదటిసారి విన్నాను.

ఇంకొకటి కూడా అక్కడే తట్టింది. ఇంతకుముందు కూడా ఆ గదిలో బండి చప్పుడు ఉండేది. కానీ పిల్లలు వరసగా కూర్చునేవారు, ఒకరి మొహం ఒకరు చూసుకుని, బండి కంటే గట్టిగా అరిచి నవ్వుకునేవారు. నేను ఒక్కొక్కరినీ ఒక్కొక్క రేకు పెట్టెలో వేసి తలుపు వేశాను.

బయటికి వచ్చేసరికి టీచర్ ఇంకా ఏనుగులనే చూస్తోంది. "సాబ్, సునా?" అంది, అటే తిరిగి ఉండి. విన్నారా అని. విన్నానన్నాను.

ఆఫీసుకు వెళ్లి వెల్డర్‌ను పంపమని మా జూనియర్‌కు చెప్పాను. రేకులన్నీ కోసి తీసేయాలి, ఇవాళే.

"సార్, పెద్ద సారు ఎల్లుండి వస్తుండు. అయినాక తీస్తే కాదా?" అన్నాడు.

ఆ తల్లికి నేను చెప్పిన మాటే. అతను నా మంచి కోరి అన్నాడు, అయినా వినడానికి అది ఎంత అసహ్యంగా ఉంటుందో అప్పుడు తెలిసింది. లేదయ్యా, ఇవాళే అన్నాను. సాయంత్రానికి గది మునుపటిలా అయింది. నేలలో కోసిన ఇనుప ముక్కలు మిగిలితే అవి కూడా తవ్వించి సిమెంటు పూయించాను.

పెద్ద ఆఫీసరు ఇంకో అధికారితో వచ్చాడు. చూపించడానికి ఖాళీ గది ఉంది. ఆయన మొహం ఎర్రబడింది. వచ్చిన అతిథి ముందు గట్టిగా అనలేక, నెమ్మదిగా, ఇంకా ఘోరంగా, గోడలేవి అని అడిగాడు. పిల్లలు భయపడుతున్నారు సార్, రేకు మోగుతోంది అన్నాను. ఈ రేకు ఎంపిక చేసిందెవరు అన్నాడు. అడుగుతూ మా జూనియర్ వైపు చూశాడు. కొత్తవాడు, తెలియక చేసి ఉంటాడని ఆయన తీర్మానించేసుకున్నాడు.

ఇది రాయకుండా వదిలేయాలని చాలాసార్లు అనుకున్నాను. నేను వెంటనే మాట్లాడలేదు. ఆ అబ్బాయి నేల చూస్తూ నిలబడ్డాడు. నన్ను ఇరికించే మాట ఒక్కటి కూడా అనలేదు, అతని దగ్గర ఉన్నా. ఇలాగే పోనిస్తే పోతుంది అన్న ఆలోచన వచ్చింది నాకు, దాన్ని కాసేపు దగ్గర పెట్టుకున్నాను కూడా. తర్వాత, "నేనే సార్. అతను వేరే బోర్డు చెప్పాడు, నేనే వద్దన్నాను," అన్నాను. ఆయన జీపు ఎక్కాడు. ఆ ఏడాది నా గురించి పైకి రాసిన మాటలు అంత బాగాలేవని తర్వాత తెలిసింది. న్యాయమే.

జీపు పోయాక మా జూనియర్ "చాయ్ తాగుదాం పా సార్" అన్నాడు. అంతకు మించి ఆ విషయం మా మధ్య ఎప్పుడూ రాలేదు.

ఆ సాయంత్రమే ఆసుపత్రికి వెళ్లాను. పిల్ల నిద్రపోతోంది, చేతికి సూది, దాని మీద ప్లాస్టరు. తల్లి పక్కన స్టూలు మీద కూర్చుని ఉంది. తప్పు నాదేనమ్మా, నువ్వు వచ్చి చెప్పిన రోజే తీయించాల్సింది అన్నాను. పరవాలేదు అంటుందేమోనని నేను ఎదురు చూశానన్నది దాచను.

"మల్లీ కట్టినప్పుడన్నా సూసి కట్టండి బాబూ," అంది. అని దుప్పటి సర్దుకుంది.

అడ్డు మళ్లీ కట్టాల్సిందే. గది తెరిచి ఉంచితే పెద్ద పిల్లలు మళ్లీ రోడ్డు మీదికి పోతారు. ఈసారి మా జూనియర్, నేను కలిసి రకరకాల ముక్కలు తెప్పించాం. ప్లాస్టరు చేసిన ఇటుక పలక, ప్లైవుడ్డు, అతను మొదట చెప్పిన బోర్డు, ఇక్కడి ఇళ్లలో అరుగులకూ కంచెలకూ వాడే ఫర్శీ బండ. మనవైపు నాపరాయి లాంటిదే అది. వాటిని ఆ గది నేలలోనే తాత్కాలికంగా నిలబెట్టి, ఒకటో తరగతి పిల్లల్ని లోపలికి పిలిచి, బండి వచ్చినప్పుడు వాటి మీద చెవి పెట్టి ఏమంటున్నాయో చెప్పమన్నాం.

అంత సంతోషంగా పనిచేసిన పరీక్షా సంఘాన్ని నేను మళ్లీ చూడలేదు. ఒకడు బండి రాకముందే అన్నీ మాట్లాడుతున్నాయని చెప్పేశాడు. బండి వచ్చాక అందరూ చెవులు ఆనించి, కళ్లు మూసుకుని, నోళ్లు తెరుచుకుని నిలబడ్డారు. ప్లైవుడ్డు దగ్గుతోందన్నారు. బోర్డు "మచ్ఛర్" అన్నారు, దోమలా అంటోందని. మా జూనియర్ మొహం కాస్త చిన్నబోయింది. ఇటుక ఏమీ అనడం లేదు. ఫర్శీ బండ దగ్గర నిలబడ్డ పిల్ల చాలాసేపు విని, వేలు పెదవుల మీద పెట్టుకుని, "సో రహా హై," అంది. నిద్రపోతోందట.

ఇటుక చోటు తింటుంది, కాబట్టి బండే ఖాయం చేశాం. ఒక వైపు గోడలోకి, కింద నేలలోకి లోతుగా దింపించి, అంచులన్నీ చేత్తో తడిమితే గుండ్రంగా తగిలేలా అరగదీయించాను. ఎత్తు తగ్గించాను. కూర్చుంటే పక్కవాళ్లు కనపడరు, నిలబడితే తల కనపడుతుంది. మునుపటి ఎత్తు నా కొలత, ఇది పిల్లల్ని నిలబెట్టి, కూర్చోబెట్టి తీసిన కొలత. తలుపు కూడా తగ్గించాం. పని పూర్తయ్యాక నేను మళ్లీ ఆ చిన్న సీటు మీద కూర్చుని బొగ్గు బండి కోసం ఎదురు చూశాను. బండి దాటింది, బండ కదల్లేదు. టీచర్ ఈసారి వీపు తిప్పలేదు, నవ్వింది.

మిగతా పిల్లలు రెండు మూడు రోజుల్లో సర్దుకున్నారు. గూడ్సు డ్రైవరు కూతురు మాత్రం, ఆసుపత్రి నుంచి వచ్చి బడిలో చేరాక కూడా, ఆ గది గుమ్మం దాటలేదు. టీచర్ బండను చూపించింది, స్నేహితురాళ్లు చెయ్యి పట్టి లాగారు. పిల్ల రాలేదు. నీళ్లూ తాగడం లేదు. డాక్టరు మాత్రం నీళ్లు ఎక్కువ తాగించాలన్నాడు. తల్లి ఇంటర్వెల్‌కు వచ్చి పిల్లను ఇంటికి తీసుకెళ్లి మళ్లీ తెచ్చి దిగబెట్టేది. నన్ను చూస్తే తల పంకించేది. నేను సిమెంటు తడపడం చూడాలన్న సాకుతో రోజూ వెళ్లేవాణ్ని. సిమెంటు ఎప్పుడో ఆరిపోయింది. ఎవరూ ఆ మాట అనలేదు.

అలా ఎన్నాళ్లు వెళ్లానో గుర్తులేదు. ఒకరోజు వరండాలో టీచర్‌తో మాట్లాడుతుంటే, ఆ పిల్ల ఒక్కతే ఆ గదిలోంచి బయటికి వచ్చింది. గౌను వెనకాల తడిసి ఉంది. మొహం చిరాగ్గా పెట్టుకుని నేరుగా నా దగ్గరికి వచ్చింది. ఈ గోడల మనిషి నేనేనని ఎవరు చెప్పారో.

"అంకుల్, మగ్గు అందట్లేదు."

ఏ మగ్గమ్మా అన్నాను. నా వేలు పట్టుకుని లోపలికి తీసుకెళ్లింది. మావాళ్లు రైలు పెట్టెల్లో కట్టినట్టే కుళాయికి గొలుసు వేసి మగ్గు కట్టారు, ఎవరో ఎత్తుకుపోతారని. గొలుసు పొట్టిది. ఆ పిల్ల సీటు మీద కూర్చుని చెయ్యి చాపి చూపించింది, మగ్గు సగం దూరంలో ఆగిపోయి నీళ్లు గౌను మీద పడ్డాయి. ఇలా ఎలా కడుక్కుంటారు అని హిందీలోనూ తెలుగులోనూ కలిపి అడిగింది. అప్పుడే బయట బొగ్గు బండి వచ్చింది. నేను అలవాటు కొద్దీ మాట ఆపాను. పిల్ల ఆపలేదు. ఒక చెయ్యి బండ మీద వేసుకుని, గొలుసు లాగుతూ, నా తప్పులన్నీ చెబుతూనే ఉంది. ఒక్క ముక్కా వినపడలేదు. నేలమీద కూర్చుని, అన్నిటికీ తల ఊపాను.

సాయంత్రంలోగా గొలుసు పొడుగు చేయించాను.